గ్రబ్: పడ్డచోటి నుంచే లేపే పనితనం

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకి ఈ కష్టం తెలుసు. విండోస్ మొరాయిస్తుంది. ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కిస్తారు. ఆ పని సాఫీగానే అయిపోతుంది. తీరా చూస్తే, ఏ ఓఎస్ కావాలని ఇన్నాళ్లూ అడిగిన మెనూ కనబడదు. నేరుగా విండోస్‌లోకే పోతుంది. లైనక్స్ ఉందో పోయిందో అర్థం కాదు. దీనికి అవతలి వైపు కష్టం ఇంకొకటి. పాత లైనక్స్ తీసేద్దామని ఒక పార్టిషన్ చెరిపేసి రీస్టార్ట్ చేస్తారు. నల్లటి తెర మీద రెండు తెల్లటి వరుసలు వచ్చి ఆగిపోతుంది. అటు విండోస్ రాదు, ఇటు మిగిలిన లైనక్స్ రాదు. మన ఇంజనీరింగ్ హాస్టళ్లలో ప్రాజెక్టులు ఇవ్వాల్సిన రోజుల్లో ఈ తెర చూసి గుండె జారిన పిల్లలు ఎందరో. చాలామంది ఆ కంగారులో మొత్తం డిస్కు చెరిపేసి మొదటి నుంచి ఎక్కిస్తారు. అంత దూరం వెళ్లాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆ అవసరం రాకుండా ముందే ఆలోచించి పెట్టినవాళ్ల పని గురించే ఈ పరిచయం.

ఆ మెనూ చూపించే ప్రోగ్రామ్ పేరు గ్రబ్. పూర్తి పేరు గ్రాండ్ యూనిఫైడ్ బూట్‌లోడర్. కంప్యూటర్ మేలుకోవడానికీ, ఓఎస్ పగ్గాలు అందుకోవడానికీ మధ్య ఉండే కొద్ది సెకన్లు దాని రాజ్యం. 1995లో ఎరిక్ బోలిన్ అనే ప్రోగ్రామర్ గ్నూ హర్డ్ అనే ఓఎస్‌ను యూటా విశ్వవిద్యాలయం వారి మాక్ 4 మైక్రోకెర్నెల్‌తో బూట్ చెయ్యాలని కూర్చున్నాడు. అప్పటికి ఏ ఓఎస్ బూట్ పద్ధతి దానిదే. ఒకరిది ఇంకొకరికి పొసగదు. ఆ గందరగోళంలోకి మరో పద్ధతిని చేర్చకూడదని అతనూ, బ్రయాన్ ఫోర్డూ కలిసి మల్టీబూట్ అనే ఉమ్మడి ఒప్పందం తయారుచేశారు. ఫ్రీబీఎస్‌డీ బూట్‌లోడర్‌ను దానికి తగ్గట్టు మార్చబోయిన బోలిన్, మార్చడం కన్నా కొత్తగా రాయడమే తేలికని తేల్చుకున్నాడు. గ్రబ్ అలా పుట్టింది. 1999లో గోర్డన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజి దాన్ని గ్నూ ప్రాజెక్టులోకి తీసుకున్నారు. 2002 ప్రాంతంలో ఒకుజి ప్యూపా అన్న పేరుతో దాని లోపలి భాగాన్నంతా తిరగరాయడం మొదలుపెట్టాడు. ఇవాళ మనం వాడే గ్రబ్ 2 అదే. 2009 చివరికల్లా ఉబుంటు సహా పెద్ద పెద్ద లైనక్స్ పంపిణీలు దానికి మారాయి. 2.00 వెర్షన్ మాత్రం 2012లో వచ్చింది.

పనితనం చూడాలంటే మొదటి సెక్టార్‌లోకే వెళ్లాలి. కంప్యూటర్ మేలుకోగానే మొదట నడిచేది బయోస్. పాత తరహా బయోస్‌కి ఫైళ్లు తెలియవు, ఫోల్డర్లు తెలియవు. డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు ఎత్తి మెమరీలో 7సి00 అనే చోట పెట్టి, అక్కడికి దూకుతుంది. దాని బాధ్యత అక్కడితో సరి. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, డాస్ 2.0 వచ్చినప్పుడు ఆ 512 బైట్లకు వేసిన వాటాలే బయోస్ యంత్రాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. చివరి 2 బైట్లు 55, ఏఏ అనే ముద్రకి పోతాయి. దాని ముందు 64 బైట్లలో నాలుగు పార్టిషన్ల చిట్టా ఉంటుంది, ఒక్కోదానికి 16 బైట్లు. మిగిలిన 446 లో చివరి ఆరింటిని తర్వాతి రోజుల్లో విండోస్ ఎన్‌టీ తన డిస్కు గుర్తింపు కోసం తీసుకుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్ల చేతికి వచ్చేది 440 బైట్లు. యూనికోడ్‌లో మన తెలుగు అక్షరం ఒక్కొక్కటీ కనీసం 3 బైట్లు తింటుంది. కాబట్టి రెండు మూడు వాక్యాలు రాసేలోపే ఆ చోటు నిండిపోతుంది.

గ్రబ్‌కి ఆ 440 కూడా పూర్తిగా దక్కవు. డాస్ కాలం నుంచి వస్తున్న ఆచారం ప్రకారం బూట్ సెక్టార్ మొదట్లో డిస్కు కొలతల పట్టిక ఒకటి ఉండొచ్చు. దాన్ని తొక్కకుండా గ్రబ్ మొదటి ఆదేశంతోనే ఆ చోటును దాటి అవతలికి దూకుతుంది. ఇక ఆదేశాలకు మిగిలేది 340 బైట్ల లోపే. ఇంత ఇరుకులో ఎవరైనా అత్యవసరమైన పని మాత్రమే పెట్టుకుంటారు. గ్రబ్ రాసినవాళ్లు ఇతరుల తప్పులు సర్దడానికి కూడా చోటు చూసుకున్నారు. నాకు బాగా నచ్చినది ఇదే.

కొన్ని బయోస్‌లు దూకాల్సిన చోటికే దూకుతాయి కానీ సెగ్మెంట్ లెక్క తప్పుగా పెట్టి దూకుతాయి. 0000:7సి00 అనాల్సింది 07సి0:0000 అంటాయి. చేరేది ఒకే చోటు. కానీ లెక్క తేడాతో తర్వాతి అడుగులన్నీ తప్పుతాయి. అందుకని గ్రబ్ వచ్చీరాగానే తన పక్కనున్న ఆదేశానికే పూర్తి చిరునామాతో ఒకసారి దూకి లెక్క సరిచేసుకుంటుంది. ఇంకొన్ని బయోస్‌లు ఏ డిస్కు నుంచి లేచామో సరిగ్గా చెప్పవు. ఆ సంఖ్య పొసగకపోతే గ్రబ్ దాన్ని నమ్మదు, మొదటి హార్డ్ డిస్కే అనుకుని ముందుకు పోతుంది. ఆ తర్వాత డిస్కును అడుగుతుంది, సెక్టార్లకు వరుస సంఖ్యలిచ్చే కొత్త పద్ధతి వచ్చా అని. రాదంటే సిలిండర్, హెడ్, సెక్టార్ అనే పాత లెక్కకు దిగుతుంది. ఇవన్నీ ఆ 340 లోపే. తెర మీద తన పేరు చూపించడానికీ, తప్పు జరిగితే కొలతల్లో తప్పా, డిస్కు కనబడలేదా, చదవడం కుదరలేదా అని ఒకటి రెండు మాటల్లో చెప్పడానికీ కూడా చోటు మిగిల్చారు. ప్రాణం పోతున్నా ఎందుకు పోతోందో చెప్పి పోయే ప్రోగ్రామ్ ఇది.

ఇంకో విశేషం ఉంది. ఫ్లాపీ మీద నుంచి బూట్ అయితే ఫ్లాపీ రకాన్ని పసిగట్టే కోడ్ కూడా కావాలి. దానికి 440 బైట్లలో చోటు లేదు. వాళ్లు దాన్ని పార్టిషన్ చిట్టా ఉండే ఆ 64 బైట్లలో పెట్టారు. ఫ్లాపీకి పార్టిషన్లు ఉండవు కాబట్టి అక్కడ ఆ చోటు ఖాళీ. హార్డ్ డిస్కులో ఆ చోట పార్టిషన్ చిట్టా ఉంటుంది. అప్పుడు ఫ్లాపీ కోడ్ జోలికి ఎవరూ వెళ్లరు. ఒకే జాగా రెండు సందర్భాల్లో రెండు పనులకు, ఎక్కడా ఒకదానికొకటి అడ్డు రాకుండా. సోర్స్ కోడ్‌లో ఆ చోట రాసినవాళ్ల చిన్న వ్యాఖ్య కూడా ఉంది. కాస్త గడుసు పనే కదా అన్నట్టు సాగుతుంది. ఆ సంతోషం వాళ్లకు పూర్తిగా తగినదే.

ఇంతా చేసి ఈ మొదటి ముక్కకి తెలిసినది ఒకే ఒక్క సంఖ్య: రెండో ముక్క ఏ సెక్టార్ దగ్గర మొదలవుతుందో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ సంఖ్యను 8 బైట్లలో దాని లోపలే చెక్కి పెడతారు. రెండో ముక్క పేరు కోర్. పాత డిస్కుల్లో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. అంటే మొదటి సెక్టార్‌కీ దానికీ మధ్య 62 సెక్టార్లు, 31 కిలోబైట్లు, ఎవరిదీ కాని జాగా. గ్రబ్ కోర్ అక్కడ కాపురం పెట్టింది. ఈమధ్య డిస్కుల్లో మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ నుంచి మొదలవుతుంది కనుక ఇప్పుడు చోటుకు ఇబ్బంది లేదు. కానీ కోర్ నిర్మాణం ఆ 31 కిలోబైట్ల క్రమశిక్షణలో పెరిగినదే. ఒత్తిపెట్టిన రూపంలో ఉంటుంది. గ్రబ్ మిగతా మాడ్యూళ్లూ, మెనూ ఫైలూ లైనక్స్ పార్టిషన్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, అదే దాని ఇల్లు. ఆ ఇల్లున్న ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి కావలసిన మాడ్యూల్ తప్ప కోర్ మరేదీ మోసుకురాదు.

ఆ జాగా ఎవరిదీ కాదని చెప్పాను కదా. అక్కడే చిక్కు. కొన్ని వాణిజ్య సాఫ్ట్‌వేర్ల లైసెన్సు నిఘా ప్రోగ్రాములు కూడా తమ గుర్తులు దాచుకోవడానికి ఆ సెక్టార్లనే ఎంచుకున్నాయి. విండోస్‌లో అలాంటిదొకటి ఎక్కిస్తే అది గ్రబ్ కోర్ మధ్యలో ఒక సెక్టార్ మీద రాసేస్తుంది. మర్నాడు లైనక్స్ లేవదు. గ్రబ్ వాళ్లు దీనికి రెండు వైపుల నుంచీ కాపలా పెట్టారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెలిసిన ముద్రలు కనబడితే ఆ సెక్టార్‌ను వదిలి చుట్టూ సర్దుకుంటుంది. ఎందుకు వదిలిందో తెర మీద చెబుతుంది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లను ఈ చోట రాయవద్దని అడగమంటుంది. రెండోది ఇంకా గొప్పది. కోర్‌తో పాటు రీడ్-సోలమన్ దిద్దుబాటు సంకేతాలను రాస్తుంది. గీతలు పడ్డ ఆడియో సీడీ పాట ఆగకుండా పాడడానికి కారణమైన గణితం ఈ కుటుంబానిదే. ఎవరైనా ఒకటి రెండు సెక్టార్లు పాడుచేసినా, గ్రబ్ లేచేటప్పుడే పోయిన బైట్లను లెక్కగట్టి తిరిగి పుట్టించుకుంటుంది. బూట్‌లోడర్‌లో ఇంత జాగ్రత్త ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. చెడిపోయాక బాగుచేసుకునే దారి యూజర్‌కి చెప్పి ఊరుకోవచ్చు. వాళ్లు ఊరుకోలేదు.

ఇప్పుడు మొదటి కష్టం దగ్గరికి వద్దాం. విండోస్ మళ్లీ ఎక్కించాక మెనూ మాయమైంది. బయోస్ యంత్రంలో జరిగేది ఏమిటంటే, విండోస్ ఇన్‌స్టాలర్ మొదటి సెక్టార్‌లో తన సొంత కోడ్ రాసుకుంటుంది. చిట్టాలో యాక్టివ్ అని గుర్తున్న పార్టిషన్‌ను వెతికి దాని మీదికి దూకడమే ఆ కోడ్ పని. గ్రబ్ ఊసు దానికి లేదు. కానీ పోయింది ఎంతో చూడండి. 440 బైట్లు. కోర్ తన జాగాలో అలాగే ఉంది. లైనక్స్ పార్టిషన్‌లో గ్రబ్ మాడ్యూళ్లు, మెనూ ఫైలు, కెర్నెల్, మీ ఫైళ్లు అన్నీ చెక్కుచెదరలేదు. డిస్కు మొత్తం చెరిపేస్తానని బయలుదేరేవాళ్లు ఈ ఒక్క లెక్క తెలుసుకుంటే చాలు.

బాగుచేసే పద్ధతి కూడా అంతే సూటిగా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోని లైవ్ లైనక్స్‌తో కంప్యూటర్ లేపాలి. డిస్కులోని లైనక్స్ పార్టిషన్‌ను మౌంట్ చెయ్యాలి. డెవ్, ప్రాక్, సిస్ అనే మూడు ఫోల్డర్లను దానికి తగిలించాలి. సీహెచ్‌రూట్ కమాండ్‌తో అందులోకి అడుగుపెట్టాలి. ఇక పెన్‌డ్రైవ్ నుంచి లేచినా, మనం పని చేసేది డిస్కులోని లైనక్స్ లోపలి నుంచే. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్ అని డిస్కు పేరు చెప్పాలి. పార్టిషన్ పేరు ఇవ్వకూడదు, డిస్కు పేరే ఇవ్వాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తర్వాత అప్‌డేట్-గ్రబ్. అంతే. గ్రబ్-ఇన్‌స్టాల్ చేసే పనిలోనూ ఒక మర్యాద ఉంది. మొదటి సెక్టార్ మీద గుడ్డిగా రాయదు. ముందు అక్కడున్న 512 బైట్లు చదువుతుంది. పార్టిషన్ చిట్టానూ, డిస్కు కొలతల పట్టికనూ తన కొత్త సెక్టార్‌లోకి ఎత్తుకుంటుంది. అప్పుడే రాస్తుంది. ఇతరుల సామాను కదిలించకుండా తన మంచం వేసుకోవడం దానికి తెలుసు.

రెండో కష్టం ఇంకా ఆసక్తికరం. డిస్కులో మూడు ప్రైమరీ పార్టిషన్లు విండోస్‌వి అనుకుందాం. నాలుగోది ఎక్స్‌టెండెడ్. దాని లోపల 5లో పాత లైనక్స్, 6లో కొత్త లైనక్స్ ఉన్నాయి. పాతది అక్కర్లేదని 5ను చెరిపేశారు. లాజికల్ పార్టిషన్ల నంబర్లు వరుసను బట్టి వస్తాయి కనుక 6గా ఉన్నది ఇప్పుడు 5 అయింది. గ్రబ్ కోర్‌లో మాత్రం తన ఇల్లు 6లో ఉందని చెక్కి ఉంది. "ఎడమ వైపు ఆరో ఇల్లు" అని చిరునామా ఇస్తే, మధ్యలో ఒక ఇల్లు కూల్చేశాక వచ్చిన చుట్టం ఖాళీ స్థలం ముందు నిలబడ్డట్టే. ఎర్రర్, నో సచ్ పార్టిషన్ అంటుంది. ఎంటరింగ్ రెస్క్యూ మోడ్ అంటుంది. కింద గ్రబ్ రెస్క్యూ అన్న గుర్తు దగ్గర కర్సర్ ఆగుతుంది.

నంబరు బదులు మారని గుర్తింపు పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ప్రతి ఫైల్ సిస్టమ్‌కీ యూయూఐడీ అనే గుర్తింపు ఉంటుంది, లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లలో అది 128 బిట్లది. నంబర్లు మారినా అది మారదు. మెనూ ఫైలులో గ్రబ్ దాన్నే వాడుతుంది. కానీ కోర్‌లో దాన్ని వాడాలంటే వెతికే మాడ్యూల్ కూడా మోసుకురావాలి. ఇల్లు అదే డిస్కులో ఉన్న మామూలు సందర్భంలో నంబరుతో సరిపెట్టుకుంటుంది. ఇది నాకు కొంచెం కొరతగానే కనిపిస్తుంది. ఇప్పటి డిస్కుల్లో ఒక మెగాబైట్ జాగా ఉన్నప్పుడు ఆ మాడ్యూల్ భారమేమీ కాదు.

అయితే ఆ కొరతకు వాళ్లు ముందే ఇచ్చుకున్న జవాబు ఆ రెస్క్యూ తెర. చాలా బూట్‌లోడర్లు ఈ దశలో ఒక తప్పు సందేశం చూపించి స్తంభించిపోతాయి. గ్రబ్ కన్నా ముందు లైనక్స్ లోకంలో ఏలిన లైలో తన పేరులోని అక్షరాలను అంచెలంచెలుగా తెర మీద రాసేది. ఎన్ని అక్షరాల దగ్గర ఆగిందో చూసి ఏ దశలో చెడిందో ఊహించుకోవాలి. ఆ తర్వాత చేసేదేమీ ఉండదు, పెన్‌డ్రైవో ఫ్లాపీయో వెతుక్కోవాల్సిందే. గ్రబ్ అలా కాదు. తన దగ్గర మెనూ లేదు, మాడ్యూళ్లు లేవు, ఇల్లెక్కడో తెలియదు. అయినా కీబోర్డు వింటుంది. నాలుగు కమాండ్లు అందుబాటులో ఉంచుతుంది: ఎల్ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్‌స్‌మాడ్. నాలుగే. కానీ వాటితో ఇంటికి చేరొచ్చు.

ముందు సెట్ అని ఒక్కటే కొట్టాలి. గ్రబ్ తన ఇల్లెక్కడ ఉందని నమ్ముతోందో చెబుతుంది. ప్రిఫిక్స్ అన్న వరుసలో హెచ్‌డీ0, ఎంఎస్‌డాస్6 అని కనబడుతుంది. గ్రబ్ 2లో డిస్కుల లెక్క సున్నా నుంచి, పార్టిషన్ల లెక్క ఒకటి నుంచి అని గుర్తుంచుకోవాలి. తర్వాత ఎల్ఎస్ కొడితే ఇప్పుడు నిజంగా ఉన్న పార్టిషన్లన్నీ వరుసగా వస్తాయి. ఆరు లేదు, ఐదు ఉంది. అప్పుడు ఒక్కోదాని పేరూ బ్రాకెట్లలో రాసి, పక్కన స్లాష్ పెట్టి, ఎల్ఎస్‌తో లోపలికి తొంగి చూడాలి. కొన్నిటికి ఫైల్ సిస్టమ్ తెలియదంటుంది. ఇక్కడ కంగారు పడకూడదు. ఆ పార్టిషన్ పాడైందని దాని అర్థం కాదు. కోర్ తన ఇంటి ఫైల్ సిస్టమ్ ఒక్కటే చదవగలదు కనుక విండోస్ పార్టిషన్లన్నీ దానికి అపరిచితాలే. ఒకదాని దగ్గర మాత్రం బూట్, ఈటీసీ, హోమ్ అంటూ ఫోల్డర్ల పేర్లు బారులు తీరతాయి. ఇల్లు దొరికింది.

ఇక సెట్‌తో ప్రిఫిక్స్‌ను ఎంఎస్‌డాస్5లోని బూట్ ఫోల్డర్ లోపలి గ్రబ్ ఫోల్డర్ అని దిద్దాలి. అదే సెట్‌తో రూట్‌ను ఆ పార్టిషన్‌గా దిద్దాలి. ఇన్‌స్‌మాడ్ నార్మల్ అంటే ఆ ఇంట్లోంచి నార్మల్ అనే మాడ్యూల్ వచ్చి మెమరీలో కూర్చుంటుంది. దానితో పాటే ఐదో కమాండ్ పుడుతుంది, దాని పేరూ నార్మలే. అది కొట్టగానే మెనూ ఎప్పటిలా తెర మీదికి వస్తుంది. మెనూలోని ప్రతి పంక్తి యూయూఐడీతో వెతుకుతుంది కనుక ఇక ఏ నంబరు మారినా పట్టింపు లేదు. కెర్నెల్ లేస్తుంది, లైనక్స్ వస్తుంది. పెన్‌డ్రైవ్ లేదు, ఇంకో కంప్యూటర్ లేదు. చెడిపోయిన యంత్రం నుంచే, చెడిపోయిన చోటి నుంచే. లైనక్స్‌లోకి వచ్చాక గ్రబ్-ఇన్‌స్టాల్ ఒకసారి నడపడం మరిచిపోకూడదు. రెస్క్యూలో దిద్దినది ఆ ఒక్క బూట్‌కే చెల్లుతుంది.

డిస్కులో ఏ లైనక్సూ మిగల్లేదు, విండోస్ ఒక్కటే కావాలి అనుకునేవాళ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు. గ్రబ్ ఇల్లే పోయింది. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రిపేర్ విభాగంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బూట్‌రెక్ ఫిక్స్ ఎంబీఆర్ అంటే మొదటి సెక్టార్‌లో విండోస్ కోడ్ మళ్లీ కూర్చుంటుంది.

మెనూ వచ్చాక కూడా గ్రబ్ ఇదే స్వభావంతో మెలుగుతుంది. ఏ పంక్తి మీదైనా ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరం నొక్కితే దాని వెనకున్న కమాండ్లన్నీ తెరుచుకుంటాయి. అక్కడికక్కడ మార్చుకుని ఎఫ్10 నొక్కి బూట్ చెయ్యొచ్చు. మార్పులు డిస్కులోకి ఎక్కవు. ప్రయోగం బెడిసికొడితే రీస్టార్ట్ చేస్తే చాలు, పాతది పాతదే. సి నొక్కితే పూర్తి కమాండ్ లైన్ వస్తుంది. ట్యాబ్ నొక్కితే డిస్కులు, పార్టిషన్లు, ఫైళ్ల పేర్లు చూపిస్తూ తోడొస్తుంది. మీ ఫైళ్ల పేర్లను ఓఎస్ లేవకముందే చూడగలగడం, ఆ పార్టిషన్ బతికే ఉందని కళ్లారా తెలుసుకోవడం, డేటా పోయిందేమోనని వణుకుతున్నవాళ్లకు ఎంత ఊరటో చెప్పలేను.

గ్రబ్ బాగైపోయాక కూడా కొందరికి ఇంకో బెడద మిగులుతుంది. రెండు లైనక్స్‌లు ఒకే స్వాప్ పార్టిషన్ వాడుకుంటున్నాయనుకోండి. ఒకదాన్ని రీఇన్‌స్టాల్ చేస్తే ఇన్‌స్టాలర్ స్వాప్‌ను కూడా ఫార్మాట్ కొట్టేస్తుంది, దాని యూయూఐడీ మారిపోతుంది. రెండో లైనక్స్ బూట్ అవుతూ పాత యూయూఐడీ కోసం నిమిషమున్నర ఎదురుచూసి, విసిగి ముందుకు వెళ్తుంది. ఇది గ్రబ్ తప్పు కాదు. ఈటీసీలోని ఎఫ్‌స్టాబ్ ఫైలులో కొత్త యూయూఐడీ రాస్తే పోతుంది.

గ్రబ్‌లో లోపాలు లేవని చెప్పడం ఈ పనికి గౌరవం కాదు. కోర్ ఒక చోట, మాడ్యూళ్లు ఇంకో చోట ఉండడం వల్ల రెంటి వయసులు వేరైపోయే ప్రమాదం ఉంది. 2020లో బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడింది. మెనూ ఫైలును చదివే కోడ్‌లోనే ఆ లోపం. దానికి మందుగా వచ్చిన అప్‌డేట్ కొన్ని కంప్యూటర్లలో మాడ్యూళ్లను కొత్తవి చేసింది కానీ మొదటి సెక్టార్లలోని కోర్ పాతదే ఉండిపోయింది. కొత్త మాడ్యూల్ అడిగిన ఫంక్షన్ పాత కోర్‌లో లేక, ఎందరో మళ్లీ ఆ రెస్క్యూ తెర ముందు కూర్చున్నారు. ఈసారి నాలుగు కమాండ్లతో బయటపడలేదు, లైవ్ లైనక్స్ కావాల్సి వచ్చింది. 2021లో వచ్చిన 2.06 నుంచి, పక్కనున్న ఓఎస్‌లను వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత పేరుతో మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. ఆ కారణం నాకు అర్థమవుతుంది. కానీ గ్రబ్ బాగుచేసుకున్నాక మెనూలో విండోస్ లేకపోవడం చూసి, అది కూడా పోయిందని హడలిపోయేవాళ్లున్నారు. ఈటీసీ, డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైలులో డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అన్న వరుసకు ఫాల్స్ అని పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడిపితే విండోస్ పేరు తిరిగొస్తుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బయోస్ బదులు యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ ఉంటుంది. ఆ లోకంలో 440 బైట్ల ఇరుకు లేదు. ఫర్మ్‌వేర్‌కే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు. ఈఎస్‌పీ అనే చిన్న సిస్టమ్ పార్టిషన్‌లో ఒక్కో ఓఎస్‌కి ఒక్కో ఫోల్డర్, అందులో దాని బూట్‌లోడర్ ఫైలు. ఎవరి ఫోల్డర్ వాళ్లది కనుక విండోస్ రీఇన్‌స్టాల్ చేస్తే గ్రబ్ సాధారణంగా చెక్కుచెదరదు. ఫర్మ్‌వేర్ దగ్గరున్న వరుసలో విండోస్ మొదటి స్థానానికి ఎక్కుతుంది, అంతే. ఆ వరుసను ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోనో, లైనక్స్‌లోని ఈఎఫ్ఐ బూట్ మేనేజర్ కమాండ్‌తోనో మార్చుకోవచ్చు.

ఇక్కడ భయపడాల్సింది వేరే. కొత్త ఓఎస్ ఎక్కిస్తూ ఆ ఈఎస్‌పీనే ఫార్మాట్ కొడితే అందరి బూట్‌లోడర్లూ ఒకేసారి పోతాయి. దాని గుర్తింపు మారిపోవడంతో, రెండో లైనక్స్‌ను ఎలాగో లేపినా ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న పాత గుర్తింపు దొరక్క ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. విండోస్‌కి దాని పెన్‌డ్రైవ్ నుంచి బీసీడీబూట్ కమాండ్ నడపాలి, లైనక్స్‌కి సీహెచ్‌రూట్‌లో ఈఎస్‌పీని కూడా మౌంట్ చేసి గ్రబ్-ఇన్‌స్టాల్ నడపాలి. ఒకే డిస్కులో రెండు ఉబుంటులు పెట్టుకున్నా చిక్కే. రెండింటి ఫోల్డర్ పేరూ ఉబుంటూయే కనుక చివర ఎక్కించినది ముందుదాన్ని తుడిచేస్తుంది. ఆ ఫోల్డర్‌లో గ్రబ్ పక్కన మూడు వరుసల చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. ఏ యూయూఐడీ ఉన్న పార్టిషన్‌ను వెతకాలో, అందులో ఏ ఫోల్డర్‌కి వెళ్లాలో అందులోనే రాసి ఉంటుంది. రెండో ఉబుంటు పార్టిషన్‌ను తర్వాత చెరిపేస్తే, ఆ చిన్న ఫైలు లేని ఇంటిని చూపిస్తూ మిగిలిపోతుంది. గ్రబ్ అన్న గుర్తుతో కమాండ్ లైన్ వస్తుంది. ఇది రెస్క్యూ కాదు, చాలా మాడ్యూళ్లు లోపలే ఉన్న పూర్తి గ్రబ్. కనుక అక్కడి నుంచే మొదటి ఉబుంటు మెనూ ఫైలును కాన్ఫిగ్‌ఫైల్ కమాండ్‌తో తెరవొచ్చు. లేదా చైన్‌లోడర్ కమాండ్‌తో విండోస్ బూట్ మేనేజర్‌ను పిలవొచ్చు. మొదటి ఉబుంటులోకి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపితే ఆ మూడు వరుసలు సరైన ఇంటిని చూపిస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ తన వరుసలో లైనక్స్ పేరును నిలవనివ్వదు, ప్రతి రీస్టార్ట్‌కీ మరిచిపోతుంది. అలాంటి వాటి కోసం గ్రబ్-ఇన్‌స్టాల్‌కి రిమూవబుల్ అనే ఆప్షన్ పెట్టారు. పెన్‌డ్రైవ్‌లు బూట్ అయ్యేందుకు యూఈఎఫ్ఐ ప్రమాణం నిర్ణయించిన బూట్ అనే ఫోల్డర్‌లో బూట్ఎక్స్64 అన్న పేరుతో గ్రబ్ కాపీ వేస్తుంది. వరుసలో ఇంకేదీ దొరకనప్పుడు ఫర్మ్‌వేర్ వెతికే ఫైలు అదే.